భయంతో నింపకండి ఆ ఆరు గళ్ళూ: ఇంగ్లండ్‌లో సెకండరీ స్కూల్ అప్లికేషన్

[స్క్రీన్ మీద: అక్టోబర్ 31]

నమస్కారం అండీ. ఇంగ్లండ్‌లో ఉంటూ, పిల్లలు ఇయర్ సిక్స్‌కి, అంటే ప్రైమరీ స్కూల్ ఆఖరి ఏడాదికి వచ్చిన అమ్మానాన్నల కోసం ఈ వీడియో. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లో పద్ధతి వేరు, అక్కడివాళ్ళు దీన్ని పట్టుకుని వెళ్ళకండి. కౌన్సిల్ అంటే ఏంటి, స్టేట్ స్కూల్ అంటే ఏంటి, ఇవన్నీ మీకు తెలిసినవే. సెకండరీ స్కూల్ కోసం కౌన్సిల్‌కి ఇచ్చే ఫామ్‌లో కొన్ని గళ్ళుంటాయి, మనకు కావాల్సిన స్కూళ్ళ పేర్లు ఇష్టమైన వరసలో వాటిలో రాయాలి. నేరుగా విషయంలోకి వస్తాను.

స్కూళ్ళు తెరవగానే మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా తిరగడం మొదలవుతుంది. "మొదటి గడిలో గ్యారంటీగా వచ్చే స్కూలే పెట్టండి. పెద్ద స్కూల్ ముందు పెట్టారనుకోండి, అది ఎలాగూ రాదు, ఈలోపు ఇంటి దగ్గరి స్కూల్ నిండిపోతుంది. రెండూ పోతాయి." చెప్పేవాళ్ళు మంచి మనసుతోనే చెప్తారు. కానీ అది తప్పండీ. ఈ మాట నమ్మి, వచ్చే సీటును చేతులారా వదిలేసుకున్నవాళ్ళను చూశాను. ఇవాళ ఆ ఒక్క చిక్కు విప్పుదామని కూర్చున్నాను.

మనలో చాలామందికి ఎంసెట్ కౌన్సెలింగ్ గుర్తుంది కదా. వెబ్ ఆప్షన్లు పెట్టిన రాత్రి గుర్తు తెచ్చుకోండి. ఇంటర్నెట్ సెంటర్లో అన్నయ్య పక్కన కూర్చుని, "ముందు నీకు ఇష్టమైన కాలేజీలు పెట్టరా, వస్తుందా రాదా అన్నది కంప్యూటర్ చూసుకుంటుంది" అనేవాడు. పదివేల ర్యాంకు వచ్చినవాడు కూడా మొదటి ఆప్షన్‌గా మంచి కాలేజీయే పెట్టేవాడు. అది రాకపోతే కంప్యూటర్ రెండోదానికి దిగేది, అదీ కాకపోతే మూడోదానికి. పైన పెద్ద కాలేజీ పెట్టినందుకు కిందున్న కాలేజీలో ఎవరికీ సీటు పోలేదు. ర్యాంకు ఎంతో అంతే.

ఇక్కడి ఫామ్ కూడా సరిగ్గా అలాగే పనిచేస్తుంది. దీన్ని సమాన ప్రాధాన్యం పద్ధతి అంటారు. మీరు ఏ స్కూల్‌ని ఎన్నో నంబర్‌లో పెట్టారో ఆ స్కూల్‌కి చెప్పరు. తమను మొదటి గడిలో పెట్టినవాళ్ళకే స్కూళ్ళు ముందు సీట్లిచ్చే పాత పద్ధతి ఒకప్పుడు కొన్నిచోట్ల నిజంగానే ఉండేది. 2007లో వచ్చిన అడ్మిషన్స్ కోడ్, అంటే స్కూల్ ప్రవేశాల నిబంధనలు, దాన్ని నిషేధించింది. ఆ భయం మాత్రం ఇంకా గ్రూపుల్లో తిరుగుతూనే ఉంది.

ఎంసెట్‌కీ దీనికీ ఒకటే పెద్ద తేడా. అక్కడ మీకు ఒకటే ర్యాంకు. ఇక్కడ ప్రతి స్కూలూ మీ పిల్లకు విడిగా ఓ ర్యాంకు ఇస్తుంది. ఆరు స్కూళ్ళు రాస్తే ఆరు ర్యాంకు కార్డులన్నమాట. లండన్‌లో ఆరు గళ్ళుంటాయి, మిగతాచోట్ల కౌన్సిల్‌ని బట్టి మారుతుంది, కనీసం మూడైతే ఇచ్చి తీరాలి.

[స్క్రీన్ మీద: మామిడి, వేప, రావి]

మూడు స్కూళ్ళు అనుకుందాం. పేర్లు నేను పెట్టినవే. మామిడి స్కూల్: అందరూ ఎగబడేది, మీ ఇంటికి 1.1 మైలు. వేప స్కూల్: అదీ బాగుంటుంది, 0.6 మైలు. రావి స్కూల్: పక్క వీధి, సీట్లు ఎప్పుడూ మిగులుతాయి. ఒక్కోదాంట్లో 180 సీట్లు.

ఇప్పుడు మామిడి స్కూల్ అప్లై చేసిన పిల్లలందర్నీ వరసలో నిలబెడుతుంది. ఏ వరసలో? ఈహెచ్‌సీపీ అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు కౌన్సిల్ రాసిచ్చే ప్లాన్, అందులో ఆ స్కూల్ పేరున్న పిల్లలకు అన్నిటికంటే ముందు సీటు ఖాయం. తర్వాత కౌన్సిల్ సంరక్షణలో ఉన్నవాళ్ళు, ఒకప్పుడు ఉన్నవాళ్ళు. ఆ తర్వాత చాలాచోట్ల అక్కడ చదువుతున్న పిల్లల తోబుట్టువులు. ఆఖరుకు దూరం. ఆ వరసలో మీ అమ్మాయి 195వది. వేప స్కూల్ వరసలో 120. రావిలో 60.

మీరు మామిడి, వేప, రావి అని రాశారు. కంప్యూటర్ చూస్తుంది: మామిడిలో 195, సీట్లు 180, కుదరదు. వేపలో 120, కుదురుతుంది. రావిలోనూ కుదురుతుంది. కుదిరిన రెండింట్లో మీరు పైన రాసింది వేప కాబట్టి వేప ఇచ్చి, రావిలో సీటు వెనకున్నవాళ్ళకు వదిలేస్తుంది.

ఇప్పుడు గ్రూపులో చెప్పినట్టు భయపడి రావి, వేప, మామిడి అని రాశారనుకోండి. వేపలో మీ అమ్మాయి ర్యాంకు అప్పుడూ 120యే. సీటు ఉంది. కానీ రావి పైన ఉంది కాబట్టి రావి ఇచ్చేసి, వేప సీటు ఇంకెవరికో వెళ్ళిపోతుంది. వేప స్కూల్ మిమ్మల్ని కాదనలేదు. మీరే కాదన్నారు.

మామిడి కథ కూడా అక్కడితో అయిపోలేదు. ఆ వరసలో ముందున్న 180 మందిలో కొందరు ఇంకేదో స్కూల్‌ని మామిడి కంటే పైన రాసుంటారు. వాళ్ళకు అది రాగానే మామిడిలో సీటు ఖాళీ అవుతుంది, వరస ముందుకు జరుగుతుంది. లండన్‌లో కౌన్సిళ్ళు ఈ జాబితాలు ఒకదానికొకటి పంపుకుంటూ పదేపదే తిప్పుతాయి. 195 కాస్తా 178 అయినా అవ్వచ్చు. పైన రాయకపోతే ఆ అవకాశం మీకు ఎప్పటికీ రాదు. ఈ రకం జతకూర్చే లెక్క మీద గేల్, షాప్లీ అనే ఇద్దరు 1962లో పేపర్ రాశారు. ఆ దారిలో చేసిన పనికే 2012లో షాప్లీకి, ఆల్విన్ రోత్‌కి అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. నిజం చెబితే నష్టం రాకుండా ఒక ఫామ్‌ని తయారుచెయ్యడం ఎంత గొప్ప ఆలోచనో చూడండి. నాకు ఈ సబ్జెక్ట్ మీద ఇంత ఇష్టం అందుకే.

ఇంకో తప్పుంది, ఇది ఇంకా ప్రమాదం. లండన్ పడమర వైపు ఉండే మా ఫ్రెండ్ ఒకడు ఆరు గళ్ళలో ఒకటే నింపాడు. "ఇంకోటి రాస్తే అదే అంటగడతార్రా. ఒకటే రాస్తే ఇవ్వక చస్తారా" అన్నాడు. మార్చి ఒకటిన సాయంత్రం ఫోన్ చేశాడు, గొంతు పెగల్లేదు. "రెండు బస్సులు మారాలిరా. ఆ స్కూల్ పేరే ఎప్పుడూ వినలేదు." పక్కనుంచి వాళ్ళావిడ ఏడుపు వినిపిస్తోంది. ఆ రోజు వాడింటికెళ్ళి ఫామ్ కాపీ చూశాను. మొదటి గడిలో స్కూల్ పేరు, కింద ఐదు గళ్ళూ ఖాళీ. వాళ్ళింటికి ఎనిమిది నిమిషాల నడకలో ఉన్న స్కూల్ రాసుంటే వచ్చేది. ఎందుకంటే రాసిన అందరికీ ముందు సర్ది, ఆ తర్వాత ఎక్కడ ఖాళీలు మిగిలితే అక్కడ చూపిస్తారు. ఎంసెట్‌లో ఒకే ఆప్షన్ పెట్టి లాక్ చేసేవాడు ఉంటాడా? ఇదీ అంతే.

కాబట్టి గళ్ళన్నీ నింపండి. మీకు ఇష్టమైన వరసలోనే నింపండి, కానీ ఆఖర్న మీ రావి స్కూల్ తప్పకుండా ఉండాలి. ఏది రావో, ఏది మామిడో ఎలా తెలుస్తుంది? పోయినసారి ఆఖరి సీటు ఎంత దూరానికి వచ్చిందో కౌన్సిల్ బుక్‌లెట్‌లో చూసుకోవచ్చు. మామిడికి 0.9 మైలు అని ఉంటే, మీది 1.1 కాబట్టి కష్టమే. అయితే అది పోయిన ఏడాది మాట. తోబుట్టువులు ఎక్కువైన సంవత్సరం ఆ దూరం బాగా తగ్గిపోతుంది. ఎక్కువచోట్ల గీత గీసినట్టు సూటిగా కొలుస్తారు, కొన్నిచోట్ల నడిచే దారి కొలుస్తారు. గూగుల్ మ్యాప్స్‌లో చూసి నిశ్చింతగా ఉండకండి, కౌన్సిల్ లెక్కే లెక్క.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

గ్రామర్ స్కూళ్ళు, అంటే పరీక్ష పెట్టి పిల్లల్ని తీసుకునే స్టేట్ స్కూళ్ళు. ఇంగ్లండ్ మొత్తం మీద 163. ఆ పరీక్ష పేరు లెవెన్ ప్లస్, దానికి రిజిస్ట్రేషన్ వేరే, ఎండాకాలంలోనే అయిపోతుంది, పరీక్ష ఎక్కువగా సెప్టెంబర్‌లో. పాసైతే సీటు వచ్చినట్టు కాదు, ఎంసెట్‌లో క్వాలిఫై అయినట్టు, అంతే. కౌన్సిల్ ఫామ్‌లో ఆ స్కూల్ పేరు రాయకపోతే పాసై కూడా లాభం లేదు.

చర్చి స్కూళ్ళు. మన క్రైస్తవ కుటుంబాలు గమనించండి, సప్లిమెంటరీ ఫామ్ ఒకటి విడిగా ఉంటుంది, చాలాచోట్ల ఫాదర్ గారి సంతకం కావాలి. అది నేరుగా స్కూల్‌కి పంపాలి. కౌన్సిల్ ఫామ్ మామూలుగా నింపాల్సిందే.

ఏ కౌన్సిల్‌కి? మీరు ఉంటున్న కౌన్సిల్‌కే, స్కూల్ పక్క కౌన్సిల్‌లో ఉన్నా సరే. అడ్రస్ విషయంలో ఫ్రెండ్ ఇల్లు రాయడాలు, నెలకోసం ఫ్లాట్ తీసుకోవడాలు వద్దండీ. తెలిస్తే ఇచ్చిన సీటు వెనక్కి తీసుకుంటారు.

మార్చి 1న, అది సెలవురోజైతే ఆ తర్వాతి పనిరోజున ఆఫర్ వస్తుంది. నచ్చకపోయినా ఒప్పుకోండి. ఒప్పుకుంటే వెయిటింగ్ లిస్టులో మీ స్థానం ఏమీ తగ్గదు. వద్దంటే మాత్రం చేతిలో ఏదీ ఉండదు. వెయిటింగ్ లిస్టు ముందొచ్చినవాళ్ళకు ముందు అన్నట్టు నడవదు, అదే ర్యాంకు వరస. కొత్తవాళ్ళు చేరితే మీరు కిందికి కూడా జారచ్చు. కనీసం డిసెంబర్ 31 వరకు ఆ లిస్టు ఉంచాలి. అప్పీల్‌కి వెళ్ళాలంటే ఆఫర్ తెలిసినప్పటి నుంచి కనీసం 20 స్కూల్ రోజులు గడువిస్తారు, వినేది స్వతంత్ర ప్యానెల్.

ఆఖరు మాట. గడువు అక్టోబర్ 31. హాఫ్ టర్మ్ సెలవులు, దీపావళి హడావుడి ఆ చుట్టుపక్కలే వస్తాయి, 2024లో అయితే దీపావళి సరిగ్గా ఆ రోజే. ఆలస్యంగా వచ్చిన ఫామ్‌లు అందరి తర్వాత చూస్తారు. వారం ముందే నింపెయ్యండి. తర్వాత ఏదైనా మార్చడానికి ఫామ్ తెరిస్తే మళ్ళీ సబ్మిట్ నొక్కండి. కన్ఫర్మేషన్ ఈమెయిల్ వచ్చిందాకా ల్యాప్‌టాప్ మూయకండి. అందులో మీ స్కూళ్ళ పేర్లు మీరు అనుకున్న వరసలోనే ఉన్నాయో లేదో ఒకసారి పైకి చదువుకోండి.