దెబ్బ చూసిన పిల్లాడు ఏం నేర్చుకుంటాడు?

[తెరపై: గాలి నింపిన బొమ్మ. తోస్తే పడి మళ్లీ లేస్తుంది]

ఈ బొమ్మ పేరు బోబో. మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా, ఆయనతో పనిచేసిన డొరొతియా రాస్, షీలా రాస్ 1961లో ప్రచురించిన ప్రయోగంతో దీనికి పేరొచ్చింది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నర్సరీ స్కూలు పిల్లలు 72 మంది అందులో పాల్గొన్నారు. అందరూ ఆరేళ్లలోపు వాళ్లే.

[తెరపై: చెక్క సుత్తి, కింద పడ్డ బోబో]

కొందరు పిల్లల ముందు ఒక పెద్దమనిషి బోబో మీద కూర్చుని ముక్కు మీద గుద్దారు. సుత్తితో తల మీద కొట్టారు. “తన్నెయ్!” అని అరుస్తూ గదంతా తన్నారు. ఇంకొందరి ముందు మరొకరు బోబో జోలికే పోకుండా వేరే బొమ్మలతో ఆడుకున్నారు. మిగిలిన పిల్లలకు ఎవరినీ చూపించలేదు.

తర్వాత పిల్లలకు మంచి బొమ్మలిచ్చి, ఆటలో పడగానే ఆపేశారు. చిరాకు రావాలనే అలా చేశారు. అప్పుడు బోబో ఉన్న గదిలోకి తీసుకెళ్లి 20 నిమిషాలు గమనించారు.

కొట్టడం చూసిన పిల్లలు అవే దెబ్బలు కొట్టారు, అవే మాటలు అన్నారు. ఒట్టి చిరాకే అయితే ఎవరికి తోచినట్టు వాళ్లు కొట్టేవారు. చూడని పిల్లల్లో ఎక్కువమంది ఆ దెబ్బలు కొట్టనేలేదు.

[తెరపై: 1965]

నన్ను బాగా ఆలోచింపజేసింది మాత్రం 1965లో వచ్చిన ప్రయోగం. ఈసారి సినిమా చూపించారు. కొట్టిన మనిషిని ఒక ముగింపులో మెచ్చుకున్నారు, ఒకదానిలో శిక్షించారు, ఇంకోదానిలో ఏమీ అనలేదు. శిక్ష చూసిన పిల్లలు తక్కువగా అనుకరించారు. అక్కడితో ఆగిపోతే శిక్ష పనిచేసిందనే అనుకుంటాం. కానీ “చూసింది చేసి చూపిస్తే స్టిక్కర్లు, జ్యూస్ ఇస్తాం” అనగానే ఆ తేడా పోయింది. వాళ్లూ అంతా నేర్చుకున్నారు, బయటపెట్టలేదంతే.

బోబో మనిషి కాదు, తోయడానికే చేసిన బొమ్మ. దీన్నిబట్టి ఈ పిల్లలు పెద్దయ్యాక గొడవలు పెట్టుకుంటారని చెప్పలేం.

[తెరపై: తల్లి, ఇద్దరు పిల్లలు]

“తమ్ముణ్ణి కొట్టొద్దని చెప్పానా!” అంటూ అమ్మ పెద్దవాడి వీపు మీద ఒక్కటేసింది. ఆ మాట ఇద్దరూ విన్నారు, ఆ దెబ్బనూ ఇద్దరూ చూశారు. అక్కడే పెద్దవాడి చెయ్యి పట్టుకుని ఆపి, “నాకు చాలా కోపంగా ఉంది, కాస్త తగ్గాక మాట్లాడదాం” అని ఉంటే, పిల్లలు చూసి నేర్చుకునేది అదే అయ్యేది. 1961 ప్రయోగంలోనూ, ఒక మగమనిషి నెమ్మదిగా ఆడుకోవడం చూసిన పిల్లలు, ఎవరినీ చూడని పిల్లలకన్నా బోబోను తక్కువగా కొట్టారు.