ఎక్కుడులో పోయిన టైమ్ దిగుడులో రాదు

కొండదారిలో హాఫ్ డిస్టెన్స్ ట్రయాథ్లాన్‌కి పేరిచ్చినవాళ్ళలో ఎవరిని కదిపినా ఇదే మాట: "ఎక్కేటప్పుడు కాస్త టైమ్ పోతుంది, దిగేటప్పుడు లాగేస్తాం లెండి." రాదండీ! ఎందుకు రాదో ఈరోజు లెక్క తేల్చేద్దాం. 1.9 కిలోమీటర్ల ఈత, 90 సైకిల్, 21.1 పరుగు, ఇవి మీకు తెలిసినవే. నేరుగా సైకిల్ ఎక్కుదాం.

[స్క్రీన్ మీద: 10 కి.మీ. ఎక్కుడు, 10 కి.మీ. దిగుడు]

10 కిలోమీటర్ల ఘాట్ ఎక్కాలి, మళ్ళీ 10 దిగాలి. గంటకు 15తో ఎక్కారు. 40 నిమిషాలు. చదును రోడ్డు మీద మీ సగటు 30, ఇక్కడా అదే కావాలి. 20 కిలోమీటర్లకు 30 సగటు అంటే ఎంత టైమ్? 40 నిమిషాలే. అవి కొండ ఎక్కడానికే అయిపోయాయి! సగటు దక్కాలంటే పైనుంచి సున్నా సెకన్లలో కింద ఉండాలి.

సరే, 45తో దిగారు. 13 నిమిషాల చిల్లర, మొత్తం 53, సగటు 22.5. తెగించి 60తో దిగితే? 10 నిమిషాలు, సగటు 24. మలుపుల్లో ప్రాణం పణంగా పెట్టి మిగిల్చింది మూడు నిమిషాలు. నాకైతే ఆ బేరం నచ్చదు.

ఇంతకీ జరిగేదేమిటంటే, నెమ్మదిగా పోయే చోటే మనం ఎక్కువసేపు ఉంటాం. దానికి తోడు వేగం రెట్టింపైతే గాలిని చీల్చడానికి కావాల్సిన పవర్ ఎనిమిది రెట్లవుతుంది. దిగేటప్పుడు ఎంత తొక్కినా గాలే తినేస్తుంది. ఎక్కేటప్పుడు గాలి నామమాత్రం, గొడవంతా బరువుతోనే.

"అయితే ఎక్కుడులోనే చితక్కొట్టాలన్నమాట!" అంటారు. సగం నిజం. ఎక్కేటప్పుడు కొంచెం ఎక్కువ పెడితే లాభమే. ఆ కొంచెం ఎంతన్నదే ప్రశ్న. గంటసేపు మీరు నిలబెట్టగలిగే పవర్, అదే ఎఫ్‌టీపీ, 250 వాట్లు అనుకోండి. చదునులో 190 దగ్గర, ఎక్కుడులో 210 దగ్గర ఉండండి. 250తో తొక్కితే మన 40 నిమిషాల్లో ఐదారు మిగలొచ్చు, కాదనను. కానీ కండరాల్లో దాచుకున్న ఇంధనం, అదే గ్లైకోజెన్, అక్కడే ఖర్చయిపోతుంది. తర్వాత పరుగులో కిలోమీటరుకి ఒక్క నిమిషం జారినా 21 నిమిషాలు గోవిందా.

తేలిక సామాను పిచ్చి గురించి కూడా ఒక మాట. సైకిల్లో ఒక కిలో తగ్గిస్తే అదే 40 నిమిషాల్లో కలిసొచ్చేది దాదాపు అర నిమిషం. అంతే! అంతకంటే ముందుగా, వెనక చక్రానికి పెద్ద పళ్ళచక్రం 32 లేదా 34 పళ్ళదై ఉండే కాసెట్, అంటే గేర్ల గుత్తి, వేయించుకోండి. వాలు 10 శాతానికి పెరిగినప్పుడు మోకాళ్ళు మీకు దండం పెడతాయి. టీటీ బైక్, అంటే గాలికి తక్కువ అడ్డుపడేలా వంగి తొక్కే టైమ్ ట్రయల్ సైకిల్, లేకపోతే పనికిరామేమో అని టెన్షన్ పడేవాళ్ళకి: 2019లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో 70.3 (మన హాఫ్ డిస్టెన్సే, మైళ్ళలో) వరల్డ్ ఛాంపియన్‌షిప్‌ని నార్వే ఆటగాడు గుస్తావ్ ఇడెన్ మామూలు రోడ్ బైక్ మీదే గెలిచాడు. ఆ కోర్సులో కోల్ ద వాన్స్ అనే పెద్ద క్లైంబ్ ఉంది. అలాగని అందరూ టీటీ బైక్ అమ్మేయక్కర్లేదు, చదును ఎక్కువున్న కోర్సులో దాని లాభం దానిదే.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. తిండి: గంటకు 60 నుంచి 90 గ్రాముల కార్బ్స్, అదీ ట్రెయినింగ్‌లో కడుపుకి అలవాటు చేశాకే. మన ఘాట్‌లో ఎక్కేటప్పుడు ఊపిరాడదు, దిగేటప్పుడు చేతులు బ్రేకుల మీద ఉంటాయి. అందుకే కొండ మొదలయ్యే ముందే తినేయండి. దిగేటప్పుడు మలుపులోకి వెళ్ళకముందే బ్రేకు వేయండి, లోపలికి వెళ్ళాక కాదు.

పరుగులోనూ కొండలుంటే, దిగేటప్పుడు అడుగులు చిన్నవి వేయండి. తొడ కండరాలు సాగుతూనే బరువు ఆపాలి కాబట్టి అక్కడే ఎక్కువ దెబ్బ తింటాయి. నిటారుగా ఉన్న చోట నడవండి, ఎవరూ ఏమీ అనుకోరు. అనుకున్నా వాళ్ళూ కాసేపట్లో నడిచేవాళ్ళే.

ఈత గురించి చెప్పలేదేమని అడగొద్దు. అందులో కొండలు లేవు.