హైబ్రిడ్ కారులో మంటలు: పెద్ద బ్యాటరీ సంగతి తర్వాత, ముందు చిన్న వైర్ చూడండి

(సెల్లార్ పార్కింగ్. కారు బానెట్ తెరిచి ఉంది, ఫోన్ టార్చ్ వెలుతురు లోపల పడుతోంది.)

నమస్తే అండీ. నాది హైబ్రిడ్ కారు, అంటే పెట్రోల్ ఇంజన్‌తో పాటు బ్యాటరీతో నడిచే మోటార్ కూడా ఉండే బండి. పోయిన ఆదివారం మా మియాపూర్ అపార్ట్‌మెంట్‌లో అసోసియేషన్ మీటింగ్ అయింది. లిఫ్ట్ గొడవ, నీళ్ల ట్యాంకర్ గొడవ అయ్యాక సెక్రటరీ గారు నా వైపు తిరిగి, "మీ హైబ్రిడ్ కారు సెల్లార్‌లో వద్దు సార్, బయట పెట్టుకోండి, ఆ బ్యాటరీ పేలిందంటే బిల్డింగే పోతది" అన్నారు. ఆయన్ని నేను తప్పు పట్టను. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేస్తే, ఆ పొగ పైనున్న లాడ్జిలోకి పోయి 8 మంది చనిపోయారు. ఈ ఊళ్లో ఉంటూ అది మర్చిపోవడం కష్టం.

కానీ ఆయన భయపడేది ఒకదానికి, నా కారులో నిజంగా కాలబోయింది ఇంకొకటి. అదే ఈ వీడియో.

(కారు పక్క నుంచి. వెనక సీటు కింద జాలీ దగ్గరగా చూపించాలి.)

మన దగ్గర ఎక్కువగా తిరిగే, ప్లగ్ పెట్టి చార్జ్ చేయక్కర్లేని హైబ్రిడ్లలో పెద్ద బ్యాటరీ అంటాం కానీ అది అంత పెద్దదేం కాదు. కరెంటు బిల్లులో యూనిట్ ఉంటుంది చూశారా, ఆ లెక్కలో చెప్తా: చాలావాటిలో ఒకటి, రెండు యూనిట్ల లోపే. అదే ఎలక్ట్రిక్ కారైతే 30, 40 యూనిట్లు, ఇంకా పైన. పైగా కొన్ని హైబ్రిడ్లలో లిథియం కాదు, నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ ఉంటుంది, లిథియంలా గబుక్కున అంటుకునే రకం కాదది. ఇంకో ముఖ్యమైన సంగతి, మీరు బండి ఆఫ్ చేయగానే లోపల రిలేలు, అంటే వాటంతట అవే పనిచేసే స్విచ్‌లు, తెరుచుకుని, పెద్ద బ్యాటరీకీ మిగతా కారుకీ మధ్య లైన్ కట్ అయిపోతుంది. మరి రాత్రంతా కరెంటుతో మేలుకుని ఉండేది ఏంటి? 12 వోల్టుల మామూలు బ్యాటరీ. హారన్, లాక్, అలారం, కంప్యూటర్లు అన్నీ దాని మీదే. 12 వోల్టులే కదా అని తీసిపారేయకండి, షాక్ కొట్టదు కానీ రెండు టెర్మినల్స్ మధ్య పానా పడిందంటే ఎర్రగా కాలిపోతుంది, అంత కరెంటు లాగుతుంది.

2012లో అమెరికాలో శాండీ తుఫాను వచ్చినప్పుడు నూవార్క్ పోర్టులో ఆపిన ఫిస్కర్ కర్మా అనే ప్లగ్-ఇన్ హైబ్రిడ్ (ప్లగ్ పెట్టి చార్జ్ చేసే రకం) కార్లు 16 కాలిపోయాయి. అందరూ లిథియం బ్యాటరీ అనే అనుకున్నారు. తీరా చూస్తే ఉప్పునీళ్లు 12 వోల్టుల వైపున్న ఒక కంట్రోల్ యూనిట్‌లోకి వెళ్లి షార్ట్ అయిందని కంపెనీ తేల్చింది. 2018లో టయోటా ప్రియస్ లాంటి హైబ్రిడ్లని 10 లక్షలకు పైగా రిపేరు కోసం వెనక్కి పిలిచింది. కారణం ఒక వైర్ పైతోలు రాసుకుని అరిగిపోవడం, అంతే. 2020లో క్రైస్లర్ పసిఫికా హైబ్రిడ్ వ్యాన్‌లని వెనక్కి పిలిచిందీ మళ్లీ 12 వోల్టుల కనెక్షన్ కోసమే, అది వదులైతే వేడెక్కుతుందని.

అలాగని పెద్ద బ్యాటరీకి క్లీన్ చిట్ ఇవ్వట్లేదు. అదే పసిఫికా వ్యాన్‌లు కొన్ని ఆఫ్ చేసి ఉండగానే కాలాయి, 2022లో ఇంటికి దూరంగా బయట పెట్టుకోమని కంపెనీయే చెప్పాల్సి వచ్చింది. 2020లో ఫోర్డ్ కూగా ప్లగ్-ఇన్ చార్జింగ్‌లో వేడెక్కుతోందని అమ్మకాలే ఆపారు. గమనించారా, ఇవి ప్లగ్ పెట్టి చార్జ్ చేసే రకం, వాటి బ్యాటరీ పెద్దది. మా సెక్రటరీ గారి మాట ఆ బళ్లకైతే కొంత వర్తిస్తుంది.

వాట్సాప్‌లో ఒక లెక్క కూడా తిరుగుతోంది, లక్ష హైబ్రిడ్లలో 3,475 కాలిపోతాయని. అది ఒక అమెరికన్ ఇన్సూరెన్స్ వెబ్‌సైట్ వేసిన లెక్క, అక్కడి ప్రమాదాల దర్యాప్తు సంస్థ పేరు చెప్పి వేశారు, ఆ సంస్థేమో మా దగ్గర అలాంటి డేటానే లేదంది. ఫార్వర్డ్ చేసే ముందు ఆలోచించండి. నిజంగా 100కి మూడు బళ్లు కాలితే మన ఓఆర్ఆర్ మీద రోజూ పొగే కనబడాలి కదా!

(టేబుల్ మీద కరిగిన వైర్ ముక్క. దగ్గరగా.)

ఇప్పుడు నా కథ. కొత్తలో డాష్ క్యామ్, ఇంకో రెండు హారన్లు పెట్టించుకున్నాను, రాణిగంజ్ వైపు ఒక షాపులో. పిల్లాడు ఇరవై నిమిషాల్లో బిగించేశాడు, నేను టీ తాగి వచ్చేసరికి బిల్లు రెడీ. తర్వాత కొన్ని నెలలకి గచ్చిబౌలి ఫ్లైఓవర్ మీద ప్లాస్టిక్ కాలిన వాసన. పక్కన లారీదేమో అనుకున్నా. లారీ పోయింది, వాసన పోలేదు. దిగి చూస్తే ఈ వైర్. ఒరిజినల్ వైర్‌ని కత్తిరించి, మెలితిప్పి, పైన నల్ల టేప్ చుట్టాడు, మధ్యలో ఫ్యూజ్ లేదు. ఫ్యూజ్ అనేది ఎక్కువ కరెంటు పారితే తాను తెగిపోయి వైర్‌ని కాపాడుతుంది, అది లేకపోతే వైరే హీటర్. పదిహేను రూపాయల ఫ్యూజ్, నేనూ అడగలేదు, తప్పు నాది కూడా.

కాబట్టి ఏదైనా బిగించాలంటే వైర్ కోయకుండా, కప్లర్‌తో (ఒకదాంట్లో ఒకటి గుచ్చే కనెక్టర్), ఫ్యూజ్‌తో చేయమనండి, చేయనంటే వచ్చేయండి. నారింజ రంగు కేబుల్ కనిపిస్తే మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వకండి, అది హై వోల్టేజ్ లైన్. 12 వోల్టుల బ్యాటరీ మారిస్తే అదే సైజు, అదే రకం వేయించండి, బ్యాటరీని కదలకుండా పట్టి ఉంచే క్లాంప్ గట్టిగా బిగిసిందా అని చేత్తో కదిపి చూడండి. 2023లో అమెరికాలో 18 లక్షలకు పైగా టయోటా ఆర్ఏవీ4 కార్లని పిలిచింది ఇందుకే: సైజు తక్కువ బ్యాటరీ వేస్తే అది మలుపుల్లో కదిలి, దాని టెర్మినల్ వెళ్లి ఆ క్లాంప్‌కి తగిలి షార్ట్ అవ్వొచ్చని.

ఇక ఎలుకలు. సెల్లార్‌లో కారు వారం కదలకపోతే ఎలుకకి అది ఇల్లే. వైర్ కొరుకుతుంది, గుడ్డపేలికలు తెచ్చి వేడి ఇంజన్ మీద పడేస్తుంది. ఊరెళ్లి వస్తే స్టార్ట్ చేసే ముందు బానెట్ ఎత్తండి. పెట్రోల్ వాసన వస్తే స్టార్టే చేయొద్దు, హైబ్రిడ్ అయినా అందులో ట్యాంక్ నిండా పెట్రోలే ఉంది, అది మనం మర్చిపోతాం. ఎండుగడ్డి మీద బండి ఆపి ఏసీ వేసుకుని కూర్చోకండి, డాష్‌బోర్డ్ మీద రెడీ లైట్ వెలుగుతుంటే ఇంజన్ తనంతట తాను స్టార్ట్ అవుతుంది, కింద సైలెన్సర్ లైన్ బాగా వేడెక్కుతుంది. ఇందాక చూపించిన జాలీ ఉంది చూడండి, బ్యాటరీ చల్లబడే గాలి చాలా మోడళ్లలో అలాంటి చోటు నుంచే వెళ్తుంది. బ్యాగులు, దుప్పట్లు అడ్డం పెట్టకండి, దుమ్ము సర్వీసులో తీయించండి.

2020 అక్టోబర్ వానల్లో ఈ ఊళ్లో కార్లు కాగితం పడవల్లా తేలాయి. అలా మునిగిన హైబ్రిడ్‌ని నీళ్లు పోయాక కూడా ఆన్ చేయొద్దు, చార్జింగ్ పెట్టొద్దు, సెల్లార్‌లోకి అసలు తేవొద్దు. ఫ్లాట్‌బెడ్ (కారుని పైకెక్కించుకుని తీసుకెళ్లే లారీ) మీద సర్వీస్ సెంటర్‌కి పంపించండి.

(రోడ్డు పక్క ఆపిన కారు.)

పొగ వచ్చిందా, పక్కకి ఆపండి, ఆఫ్ చేయండి, అందరూ దిగండి, కనీసం వంద అడుగుల దూరం వెళ్లండి, 101 కి కానీ 112 కి కానీ ఫోన్ చేసి "హైబ్రిడ్ కారు" అని మర్చిపోకుండా చెప్పండి. బానెట్ ఎత్తొద్దు, గాలి తగిలితే మంట ఒక్కసారిగా లేస్తుంది. చిన్న ఎక్స్‌టింగ్విషర్ మొదట్లో వైర్ మంటకి పనికొస్తుంది. బ్యాటరీ నుంచి బుస్సుమని తెల్లపొగ వస్తుంటే దానితో ఆగదు, ఫైర్ వాళ్లు చాలా నీళ్లు కొట్టి చల్లార్చాలి, ఆరిపోయాక మళ్లీ అంటుకోవచ్చు కూడా. లాప్‌టాప్ బ్యాగ్ కోసం వెనక్కి పరిగెత్తకండి ప్లీజ్.

(మళ్లీ సెల్లార్. కెమెరా నెమ్మదిగా మూలకి తిరగాలి.)

మీటింగ్‌లో ఈ వైర్ ముక్క తీసుకెళ్లి సెక్రటరీ గారి చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, "నా బండికీ అక్కడ్నే హారన్ పెట్టించిన కదా" అన్నారు. ఆయనది మామూలు డీజిల్ బండి. మర్నాడు పొద్దున్నే బానెట్ తెరిచి నన్ను పిలిచారు. నా కారు సెల్లార్‌లోనే ఉంది. దాని పక్కన అసోసియేషన్ వాళ్లు పెట్టిన పాత పరుపులు, పెయింట్ డబ్బాలు, థిన్నర్ క్యాన్ కూడా అక్కడే ఉన్నాయి, అదిగో, ఇంకా తీయలేదు.