ఫోన్ పోలరైజర్ ఫిల్టర్: ఒక్క గీత గీయలేకపోయారా? | పర్లాకిమిడి నుంచి రివ్యూ

నమస్తే అండి, పర్లాకిమిడి నుంచి మళ్లీ వచ్చేశాను. ఇదిగో డబ్బా. పేరు మీకు కనబడేలా పట్టుకుంటున్నా, చదివేసుకోండి, నేను మాటిమాటికీ పలకను. కంపెనీవాళ్లు ఫ్రీగా పంపారు. డబ్బులైతే ఇవ్వలేదు. ఫోన్ వెనకాల కెమెరా మీద అయస్కాంతంతో అతుక్కునే పోలరైజర్ ఇది, అంటే అద్దాల మీదా నీళ్ల మీదా ప్రతిబింబాల్ని తగ్గించే ఫిల్టరు. బరువు, కోటింగు, ఏ ఫోన్లకి సరిపోద్ది, అవన్నీ ఈపాటికి నాలుగు వీడియోల్లో చూసేసుంటారు. వాటి జోలికి పోను.

ముందు మంచి సంగతి. మోహన, తప్తపాణి మీదుగా బరంపురం వెళ్లే బస్సు ఎక్కారనుకోండి, దారంతా ఫొటోలే. చంద్రగిరి దగ్గర టిబెటన్ల మొక్కజొన్న చేలు, 1963లో వాళ్లొచ్చి స్థిరపడినచోటు అది. తర్వాత ఘాట్ రోడ్డు. కానీ అద్దం బిగించేసిన బస్సు అయితే ఏటవుద్ది? కొండ మీద నా చొక్కా, వెనక సీటాయన టోపీ కూడా వచ్చి కూర్చుంటాయి. ఇన్నాళ్లూ చెయ్యి అడ్డం పెట్టి, తువ్వాలు కప్పి, నానా తంటాలు పడేవాణ్ని. దీని రింగు మెల్లిగా తిప్పుతుంటే... చూడండి, చూడండి, స్క్రీన్ మీద చూడండి. చొక్కా పోయింది! టోపీ కూడా పోయింది!

కిటుకేంటంటే, అద్దానికి ఎదురుగా ఫోన్ పెడితే ఇది పనిచెయ్యదు. పక్కకి, ఏటవాలుగా చూడాలి. అద్దానికి సుమారు 35 డిగ్రీల వాలులో ప్రతిబింబం బాగా చచ్చిపోతుంది. నీళ్లకీ దాదాపు అంతే. అలా వాలుగా తగిలి తిరిగొచ్చే వెలుగు చాలావరకు ఒకే దిశలో కంపిస్తుంది, ఈ ఫిల్టరు ఆ దిశని ఆపేస్తుంది, అంతే సంగతి. కొన్ని బస్సుల టఫెన్డ్ అద్దాల మీద మాత్రం ఇంద్రధనుస్సు మరకలు కనబడతాయి. ఫిల్టరు పాడైపోయిందని వాపసు పంపీకండి, అది అద్దాన్ని గట్టిపరిచినప్పుడు లోపల మిగిలిపోయిన బిగువు కనబడడం.

వాన వెలిసాక వరిచేను తీయండి దీనితో. తడి ఆకు మీద తెల్లటి మెరుపు పోయి, కింద అసలు పచ్చ బయటికొస్తుంది. ఎడిటింగులో రంగు పెంచినా ఆ పచ్చ రాదు. కానీ సంతలో స్టీలు గిన్నెల కొట్టు దగ్గర ఎంత తిప్పినా మెరుపు అలాగే ఉంటుంది. లోహం మీద పడ్డ వెలుగుకి ఈ లెక్క వర్తించదు మరి. నాకదే నచ్చింది, గిన్నెలు మెరవకపోతే అది సంతెలా అవుతుంది?

సరే, ఇప్పుడు నా కడుపుమంట. ఈ రింగు మీద గీత లేదు. చుక్క లేదు. అంకె లేదు. ఎక్కడి నుంచి ఎక్కడికి తిప్పామో తెలిసే దారే లేదు. వెనకటి నా డీఎస్ఎల్ఆర్ కిట్ లెన్సుకి 58 ఎంఎం పోలరైజర్ ఒకటుండేది, తక్కువలో కొన్నది, దానికి కూడా ఒక తెల్ల గీత ఉండేదండీ!

గీతకింత గొడవేంటంటారా? మా నాన్నగారు తీసిన పాత ఫొటోలు కొన్ని ఉన్నాయి, మన చిన్న రైలువి. నౌపడా నుంచి 1900లో ఇక్కడికొచ్చి, 1931కి గుణుపూరు చేరిన నేరోగేజి. 2004లో బ్రాడ్‌గేజి కోసం ఆపేశారు. ఆ ఫొటో పట్టుకుని ఇవాళ స్టేషన్‌కి వెళ్తే ఆయన నిలబడ్డ చోటు పోల్చుకోగలను, ఏం మారిందో చూపించగలను. ఆ పిచ్చితోనే ఊరవతల ఒక కొండని నెలనెలా అదే చోట నిలబడి తీస్తున్నా. ఎండాకాలం పోడు కాల్చాక నల్లగా ఉంటుంది, వానలకి పచ్చబడుతుంది, కోతలప్పుడు పసుపు తిరుగుతుంది. పక్కనే జీడిమామిడి తోట ఏటేటా పైకి పాకుతోంది.

ఆ ఫొటోలు పక్కపక్కన పెట్టినప్పుడు మారింది కొండే అయ్యుండాలి, నా రింగు కాకూడదు. పోలరైజర్ ఆకాశాన్ని ముదరబెడుతుంది, అదీ సూర్యుడికి 90 డిగ్రీల పక్కనున్న ఆకాశాన్నే ఎక్కువగా. చూపుడు వేలు సూర్యుడి వైపు చాపి, బొటనవేలు నిటారుగా పెట్టి చెయ్యి తిప్పండి, బొటనవేలు చూపించే చోటల్లా ఆకాశం నల్లబడుతుంది. జూన్‌లో సూర్యుడు తూర్పుకి ఉత్తరంగా లేస్తాడు, డిసెంబర్లో దక్షిణంగా. అంటే గీత ఉన్నా ఆ ముదురు పట్టీ నెలనెలా జరుగుతుంది. ఆ తేడాకి నేను సర్దుకుంటా, అది సూర్యుడిది. రింగుది కూడా కలిస్తే ఎవడిది ఎంతో ఎలా తెలుస్తుంది? డబ్బా మీద బంగారు అక్షరాలు అచ్చేసినవాళ్లకి ఒక్క చుక్క పెట్టడం బరువైందా?

మా ఆవిడ గోళ్ల రంగుతో నేనే చుక్క పెట్టుకున్నా. ఇదిగో, ఎర్రగా.

వైడ్ లెన్సుతో అసలు వాడకండి, ఆకాశం ఒక మూల నీలం, ఒక మూల తెలుపు. పొద్దుగూకాక తీసెయ్యండి, ఒకటి నుంచి రెండు స్టాపుల వెలుగు, అంటే సగం నుంచి ముప్పాతిక దాకా, తినేస్తుంది, ఫోటోలో మనుషులు అలుక్కుపోతారు. అయస్కాంతం గట్టిదే, బస్సు కుదుపులకి ఊడలేదు.

తీర్పు ఏటంటే, గీత లేదని ఎంత తిట్టినా బస్సు కిటికీ దగ్గర కూర్చుంటే ఇది జేబులో ఉండాల్సిందే. వారం వారం బరంపురమో విశాఖో తిరిగేవాళ్లు కళ్లు మూసుకుని కొనేయండి. నాలా ఒకే కొండని పట్టుకు వేలాడేవాళ్లు ఆ ఫొటోకి మాత్రం ఫిల్టరు తీసేసి తీయండి. గుణుపూరు ప్యాసింజర్‌లో వెళ్లేవాళ్లకి దీంతో పనే లేదు, కిటికీ ఎలాగూ తెరిచే ఉంటుంది.