బరువంతా దారంలోనే

అందరికీ నమస్కారం. గాలం అనగానే మనకు చెరువు గట్టు, వెదురు కర్ర, వానపాము, పైన తేలే బెండు గుర్తొస్తాయి. అక్కడ బరువు ఎరది, లేదంటే కట్టిన సీసం గుండుది. ఫ్లై ఫిషింగ్‌లో ఎర అంటే ఈకలతో చుట్టిన పురుగు బొమ్మ. దూదిపింజంత తేలిక. ఒట్టి చేత్తో విసిరితే కాళ్ల దగ్గరే పడుతుంది. అందుకే బరువంతా దారానికే పెట్టారు. ఈ దారాన్నే లైను అంటారు, బరువును బట్టి దానికో నంబరు. ఐదో నంబరు లైను మొదటి 30 అడుగులు తూస్తే సుమారు 9 గ్రాములుంటుంది. కర్ర మీదా అదే నంబరు ఉండాలి.

అందరూ డబ్బంతా కర్రకే పోస్తారు. నేనూ అంతే. మంచి కర్ర, తేలే లైను ఒకటి పట్టుకుని అమెరికాలో మోంటానా రాష్ట్రంలోని హెబ్గెన్ సరస్సుకు వెళ్లాను. పొద్దున్న గాలి లేదు. ట్రౌట్ చేపలు పైకొచ్చి పురుగుల్ని గుటుక్కుమనిపిస్తున్నాయి. రెండు దొరికాయి. పదకొండింటికి గాలి లేచింది, అంతే, ఒక్కటీ కనబడలేదు. పక్క పడవలో పెద్దాయన లైను విసిరి, లాగకుండా పెదాలు కదుపుతూ కూర్చున్నాడు. జపమేమో అనుకున్నా. లెక్కపెడుతున్నాడు! ఆయనది ఇంటర్మీడియట్ లైను, సెకనుకు అంగుళమో, అంగుళంన్నరో మునుగుతుంది. ఇరవై లెక్కపెడితే రెండడుగుల లోతు. అక్కడ చేప తగిలిందా, మళ్లీ ఇరవైకే లాగడం మొదలు.

అదే లైను ఆ సరస్సులోకి వచ్చే మాడిసన్ నదిలో వేస్తే తిప్పలే. నడి ఏట్లో ఉరవడి, ఒడ్డున నెమ్మది. ఉరవడి లైనును లాక్కుపోతే కొసనున్న పురుగు నీళ్లు చీల్చుకుంటూ పరుగెడుతుంది. ఏ పురుగూ అలా పోదని చేపకు తెలుసు. తేలే లైనయితే కర్రతో ఎత్తి ఎగువకు వేసుకోవచ్చు. దీన్నే మెండింగ్ అంటారు. మునిగినదాన్ని ఎత్తలేం. పారే నీళ్లలో నా ఓటు తేలే లైనుకే.

శరదృతువు సంగతి వేరు. పెద్ద బ్రౌన్ ట్రౌట్ గుడ్లు పెట్టడానికి సరస్సు నుంచి ఏటికి ఎదురీదుతాయి, మడుగుల అడుగున ఆగుతాయి. సీసం కట్టేద్దామంటే, ఆ ఏటి ఎగువ భాగం ఉన్న ఎల్లోస్టోన్ పార్కులో సీసం నిషేధం. అప్పుడు సింక్ టిప్ లైను తీయాలి. కొస పది, పదిహేను అడుగులే మునుగుతుంది, మిగతాది తేలుతుంది. లైనుకూ ఎరకూ మధ్య కట్టే సన్నటి దారం, అంటే లీడర్, మూడు నాలుగు అడుగులు మించకూడదు. తొమ్మిదడుగులది కట్టి నేనొక సాయంత్రమంతా పాడుచేసుకున్నాను. లైను అడుక్కి పోయింది, ఎర మాత్రం పైనెక్కడో షికారు చేస్తోంది.

ఇవిగో, మూడు లైన్ల ముక్కలు. ఈ గాజు జాడీలో వేస్తున్నాను. ముందు వరసలో వాళ్లు కాస్త లెక్కపెట్టండి.