క్యారేజీ అంటే మాకు రెండు

అందరికీ నమస్కారం. పది నిమిషాల్లో ముగించమని చెప్పి, బల్ల మీద గంట కూడా పెట్టారు. టైపులో మొదటి మెట్టయిన లోయర్ స్పీడు పరీక్షా పది నిమిషాలే కాబట్టి నాకేం కొత్త కాదు.

మా రోజుల్లో గుంటూరు బ్రాడీపేటలో ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా కనిపించిన కుర్రాణ్ణల్లా పట్టుకెళ్ళి టైపులో చేర్చేసేవాళ్ళు. నాది పొద్దున ఆరింటి బ్యాచ్. మేడ మీద రేకుల షెడ్డు, అందులో ఇరవై మెషిన్లు ఒక్కసారి మొదలైతే వడగళ్ళ వానే. మొదటి వారమంతా ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, సెమికోలన్ ఎల్ కె జె హెచ్ జె, ఇదే జపం. ఎడమ చిటికెన వేలు అప్పటిదాకా నా జీవితంలో ఒక్క పనీ చెయ్యలేదు, దాంతో 'ఎ' కొట్టమంటే ఏం కొడుతుంది? కాగితం మీద ఎఫ్ నల్లగా నిగనిగలాడేది, ఎ మాత్రం జ్వరం వచ్చి లేచినట్టుండేది.

అమెరికాలో షోల్స్ అనే ఆయన రూపొందించిన టైపు మెషిన్ని రెమింగ్టన్ కంపెనీ వాళ్ళు 1874లో అమ్మకానికి పెట్టారు. దానికి పెద్ద అక్షరాలే, చిన్నవి లేవు. అంటే ఇప్పటి వాట్సాప్ లెక్కలో ఎవరికేం రాసినా అరిచినట్టే! 'టైప్‌రైటర్' అనే ఇంగ్లీషు మాటను పై వరస మీటలతోనే మొత్తం కొట్టెయ్యొచ్చు తెలుసా? ఇంటికెళ్ళి చూసుకోండి, ఇప్పుడు ఫోన్లు తియ్యకండి.

నా మెషిన్ మీద ఒకటి అంకె ఉండేది కాదు, చిన్న ఎల్ కొట్టి అదే ఒకటనుకోవాలి. ఆశ్చర్యార్థకానికి కామాలాంటిది పైన కొట్టి, ఒక గడి వెనక్కి జరిగి, కింద చుక్క పెట్టాలి. ఆశ్చర్యపోవడానికి ఇంత శ్రమపడాలంటే ఎవడైనా తగ్గించుకుంటాడు కదా. చాలా ఏళ్ళకి ఆఫీసులో కంప్యూటర్ పెట్టారు. జీతాల పట్టీ నేనే కొట్టాను, చూడ్డానికి ముత్యాల్లా ఉంది, కానీ కూడిక మాత్రం ఎంతకీ కుదరదు. కంప్యూటర్ పాడైందని మెకానిక్కుని పిలిపించి, మధ్యాహ్నం దాకా అందరం టెన్షన్ పడ్డాం. చివరికి తేలిందేమిటంటే, ఒకటి ఉన్న చోటల్లా నా వేలు ఎల్ కొట్టింది. పదిహేను వందల జీతగాడి దగ్గర అంకె లేదు, అక్షరం ఉంది!

ఇక పరీక్ష. లోయర్‌కి నిమిషానికి 30 మాటలు, హయ్యర్‌కి 45. అందరూ పరీక్షకి పెన్ను పట్టుకెళ్తే మేం మెషిన్ పట్టుకెళ్ళేవాళ్ళం. నిజం! అరండల్‌పేట దాకా రిక్షాలో, ఆ ఇనప ముద్దని ఒళ్ళో పెట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా పసిపిల్లని పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని వెళ్ళాను. కాగితం బిగించే రోలరుతో సహా అటూ ఇటూ జరిగే భాగాన్ని క్యారేజీ అంటారు. అది కదలకుండా మా సారు తాడుతో కట్టారు. రిక్షా కదులుతుంటే గుమ్మంలోంచి మా అమ్మ "క్యారేజీ పెట్టుకున్నావురా?" అని కేకేసింది. గట్టిగా కట్టామమ్మా అన్నాను. ఆవిడ అడిగింది పులిహోర క్యారేజీ గురించి. అది వంటింటి గట్టు మీదే ఉండిపోయింది. హాల్లో తాడు విప్పడం మర్చిపోయి మొదటి మీట కొడితే బండి కదల్లేదు. ఆకలీ, భయం కలిసి చెమటలు పట్టాయి. ఇన్విజిలేటర్ గారే వచ్చి, ఏమీ అనకుండా ముడి విప్పి వెళ్ళారు. పాసయ్యాను లెండి, సెకండ్ క్లాసు.

అదిగో, గంట కొట్టేశారు. మా మెషిన్లో అయితే వరస చివరికొస్తోందని గంట మోగాక కూడా ఆరేడు అక్షరాలు కొట్టుకోవచ్చు. ఆ చోటు చాలు నాకు.

నమస్కారమండీ.