పాత హెచ్61 బోర్డులో 8 జీబీ డీడీఆర్3 ర్యామ్: చవక స్టిక్ ఎందుకు పలకలేదు?

నమస్కారం. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి దగ్గరి ఒక జిరాక్స్ దుకాణం కంప్యూటర్‌కు ర్యామ్ పెంచాల్సి వచ్చింది కాబట్టి, ఈ రివ్యూలో రెండు 8 జీబీ డీడీఆర్3 స్టిక్‌లను దానిలోనే పరీక్షిస్తున్నాను. అందులో ఉన్నది ఇంటెల్ హెచ్61 మదర్‌బోర్డు, మూడో తరం ఐ3 ప్రాసెసర్, రెండు స్లాట్లు.

డీడీఆర్3, డీడీఆర్4 అనేవి ర్యామ్ తరాలు; తరం విషయంలో పెద్దగా పొరపాటు జరగదు. డీడీఆర్3కి 240 పిన్నులు, డీడీఆర్4కి 288 ఉంటాయి. గాడి చోటు కూడా వేరు కాబట్టి, వేరే తరం స్టిక్ అసలు స్లాటులోకి దిగదు. ఇక్కడి చిక్కు అది కాదు.

రెండు స్టిక్‌లూ 1600 వేగానివే, రెండూ క్లిప్పు పడేదాకా చక్కగా కూర్చున్నాయి. అయినా ఆన్‌లైన్‌లో బాగా చవకగా దొరికినదాన్ని పెడితే ఫ్యాన్ తిరుగుతోంది తప్ప తెర వెలగడం లేదు. రెండోదాన్ని పెట్టగానే బయోస్‌లో, అంటే కంప్యూటర్ మొదలవగానే తెరిచే సెట్టింగుల తెరలో, 8192 ఎంబీ కనిపించింది. దగ్గరగా చూడండి: రెండింటికీ అటు ఎనిమిది, ఇటు ఎనిమిది, మొత్తం 16 చిప్పులే. తేడా స్టిక్కర్ మీద ఉంది. పనిచేసినదాని మీద 2ఆర్ఎక్స్8 అని, పనిచేయనిదాని మీద 1ఆర్ఎక్స్4 అని రాసి ఉంది.

ప్రాసెసర్ ఒక విడతలో 64 బిట్లు చదువుతుంది. ఒక్కో చిప్పు ఎనిమిది బిట్లు ఇచ్చే రకమైతే ఎనిమిది చిప్పులతో ఒక ర్యాంకు, అంటే కలిసి 64 బిట్లు ఇచ్చే చిప్పుల జట్టు, పూర్తవుతుంది; 16 చిప్పులతో రెండు ర్యాంకులు, అదే 2ఆర్ఎక్స్8. నాలుగే బిట్లు ఇచ్చే రకమైతే ఒక్క ర్యాంకుకే 16 చిప్పులూ కావాలి, అదే 1ఆర్ఎక్స్4. ఈ డెస్క్‌టాప్ ఇంటెల్ ప్రాసెసర్లలో ర్యామ్‌ను నడిపే భాగమైన మెమరీ కంట్రోలర్ ఆ నాలుగు బిట్ల చిప్పుల కోసం తయారైంది కాదు. కంట్రోలర్ ప్రాసెసర్‌లోనే ఉంటుంది కనుక, బయోస్ అప్‌డేట్ చేస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే ఆ శ్రమ పడకండి.

ఇలాంటి స్టిక్‌లను "ఏఎండీకి మాత్రమే" అని అమ్ముతారు, కానీ ఆ మాట వివరాల అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. పాత ఏఎండీ బోర్డు ఉన్నవారికి అవి పనికిరావచ్చు; ఇంటెల్ బోర్డుకు మాత్రం ఎంత తక్కువకు వచ్చినా వద్దనే చెబుతాను.

అసలు 8 జీబీ చాలనుకునేవారు ఒకే స్టిక్ బదులు 4 జీబీవి రెండు వేసుకుంటే డ్యూయల్ ఛానెల్, అంటే రెండు స్టిక్‌లనూ ఒకేసారి చదివే వీలు, కూడా దక్కుతుంది. ఏది కొన్నా, డబ్బు కట్టే ముందు స్టిక్కర్ ఫోటో పంపమని అమ్మేవారిని అడగండి. పంపకపోతే వేరే చోట చూడండి.